సున్నాలూ ఇంటూలూ

బంతి పడితే సున్నా,
పడకపోతే ఇంటూ.
సున్నా వస్తే సంబరపడే లెక్క
ఈ ఒక్క కాగితం మీదే చూశాను.

దక్షిణ డకోటాలో ఫిబ్రవరి.
బయట కారు తలుపులు మంచుకి అతుక్కుపోతాయి.
లోపల మా చిన్న కాలేజీ జిమ్‌లో
పాప్‌కార్న్ వాసన, తడి సాక్సుల వాసన.
బెంచీ చివర నేను, ఒళ్ళో అట్ట,
అట్ట మీద సగం కోర్టు బొమ్మ,
చెవి వెనక ఇంకో పెన్ను.
నా పని ఆడటం కాదు.
ఎవరు ఎక్కణ్ణుంచి వేస్తే
అక్కడ గుర్తు పెట్టడం.

ఆరిన్ హాగ్‌డాల్ కాగితం చూడముచ్చటగా ఉంటుంది.
వందకి అరవై ఒకటి.
అన్నీ రింగు కిందే,
ఒకేచోట గుప్పెడు మరమరాలు పోసినట్టు.

టెషాన్ ప్రూయిట్ కాగితం
కోడి కెలికిన పెరడు.
వందకి ముప్పై నాలుగు.
ఎడమ మూల నుంచి, గీత మీద కాలేసి,
అడ్డంగా లేచిన రెండు చేతుల మీదుగా,
పక్కకి పడిపోతూ పడిపోతూ కూడా.

సోమవారం కోచ్ బ్రాండ్‌వోల్డ్ దాన్ని గోడకి అంటించి
"ఇది షాటా, లాటరీ టిక్కెట్టా?" అన్నాడు.
అందరూ నవ్వారు.
ప్రూయిట్ కూడా నవ్వాడు, బూటు లేసు కట్టుకుంటూ,
కట్టిన లేసే విప్పి మళ్ళీ కట్టుకుంటూ.

ఆ రాత్రి లాండ్రీ గదిలో
జెర్సీలు గిర్రున తిరుగుతుంటే
పాత ఆటల వీడియోలు ముందేసుకుని
ప్రతి గుర్తు పక్కనా ఇంకో అంకె రాశాను:
బంతి చెయ్యి వదిలేసరికి
గడియారంలో మిగిలిన సెకన్లు.

ముప్పై ఇస్తారు.
మొదట్లో బంతి అందరిదీ.
చేతులు మారుతుంది, మర్యాదలు పోతుంది,
నువ్వు వెయ్యంటే నువ్వు వెయ్యంటుంది.
నాలుగు మిగిలేసరికి నిప్పుకణిక.
ఎవరి చేతిలోనూ నిలవదు.
అప్పుడు అందరికీ ప్రూయిట్ గుర్తొస్తాడు.

అలాంటివి నలభై ఒకటి. పడినవి ఏడు.
అవి తీసేస్తే
యాభై తొమ్మిదికి ఇరవై ఏడు.
నమ్మలేక రెండుసార్లు లెక్కేశాను.

హాగ్‌డాల్ కాగితం మీద
నాలుగు సెకన్ల లోపు
సున్నా లేదు, ఇంటూ లేదు.
అంత తెలుపు
బయట మొక్కజొన్న చేల మీద కూడా లేదు.

కోచ్‌కి చూపించలేదు, ఎందుకో.
బస్సులో హాగ్‌డాల్ చేతికిచ్చాను.
పొద్దుతిరుగుడు గింజలు నముల్తూ చాలాసేపు చూశాడు.
పొట్టు కప్పులోకి ఊశాడు.
"ఇవి ఎవరు లెక్కపెట్టమన్నారు?"
ఎవరూ అనలేదన్నాను.
నాలుగు మడతలు పెట్టి తిరిగిచ్చాడు.

శనివారం, రెండో సగం, ఐదు పాయింట్లు వెనక.
గడియారంలో మూడు.
ఎప్పట్లాగే ప్రూయిట్ వైపు పోతున్న బంతిని
దారిలో అందుకున్నాడు హాగ్‌డాల్.
రింగుకి పదిహేను అడుగుల దూరం,
అతని బూట్లకి పరిచయం లేని నేల.
వేశాడు.
రింగు కాదు కదా, వలకి కూడా తగల్లేదు.
అవతలి జట్టు విద్యార్థులు చప్పట్లతో రాగం కట్టారు.
వెనక్కి పరిగెడుతూ ప్రూయిట్
అతని వీపు మీద ఒక్కటి చరిచాడు,
అటు చూడకుండానే.

ఆ ఇంటూని కొంచెం పెద్దగా గీశాను.
పదకొండు తేడాతో ఓడిపోయాం.

హైస్కూల్లో నేనూ ఆడేదాన్ని.
ఒకసారి రెండు సెకన్లుండగా బంతి నా చేతికొచ్చింది.
ఎదురుగా ఎవరూ లేరు.
పక్కనున్న మారెన్‌కి ఇచ్చేశాను.
ఆ ఇంటూ ఆమె పేరు మీద ఉంది.
నా కాగితం మీద
ఇప్పటికీ ఏమీ లేదు.